కొండరాణి చొక్కా

కువైత్‌లో కొండలు లేవు. ఉత్తరాన ముత్లా అని ఒక మిట్ట ఉంది. ఇక్కడివాళ్లు దాన్నే కొండ అనుకుని, చలికాలం వస్తే దాని చుట్టూ గుడారాలు వేసుకుని మురిసిపోతుంటారు. గువ్వలచెరువు ఘాటు రోడ్డులో బస్సెక్కిన ప్రతిసారీ కిటికీలోంచి తల బయటపెట్టి కక్కుకుంటూ పెరిగిన వెంకటేశ్వరి, ఆ మిట్టను మొదటిసారి చూసినప్పుడు "ఇంతేనా?" అంది. అలాంటి దేశంలో కొండ ఎక్కడంలో మేటి ఎవరో తేల్చడానికి సైకిలు పోటీ పెట్టి, నెగ్గినవాళ్లకు ఒక చొక్కా తొడుగుతారంటే ఎవరికైనా నవ్వు రాదా? శుక్రవారం పొద్దున పదకొండింటికి ఆ చొక్కా ఇంట్లోకి వచ్చినప్పుడు వెంకటేశ్వరి కూడా నవ్వింది. పొద్దు గూకకముందే ఆ నవ్వు ఏడుపులోకి దిగింది.

చొక్కా తెచ్చింది లుల్వా. పందొమ్మిదేళ్ల పిల్ల, ఆ ఇంటి మనవరాలు. ఆ పిల్ల మూడేళ్ల వయసులో చంక దిగనని మారాం చేసే రోజుల్లో వెంకటేశ్వరి ఆ ఇంట్లో పనికి చేరింది. అప్పటినుంచీ తినిపించడం, తల దువ్వడం, బడికి తయారు చేయడం, అన్నీ తనే. లుల్వా తల్లికి ఆఫీసు, ప్రయాణాలు. ఇల్లు నడిపేది నానమ్మ. పనివాళ్లు "మామా" అని పిలిచేది ఆమెనే.

"ఫెంకా! చూడు!" అంది లుల్వా అరబ్బీలో, చెమటతో తడిసి ముద్దయిన చొక్కా రెండు చేతులా పట్టుకుని. పాస్‌పోర్టులోని ఇంగ్లీషు 'V' అరబ్బీలో లేదు కాబట్టి వెంకటేశ్వరి ఈ ఇంట్లో పదహారేళ్లుగా ఫెంకాయే. చొక్కా తెల్లనిది. దాని నిండా గుండ్రంగా, ఎర్రగా, ఒక్కోటి చాయ్ గ్లాసు మూతి అంత చుక్కలు.

"అమ్మోరు పోసినట్టుండాది గదే తల్లీ!" అని వెంకటేశ్వరి పకపకా నవ్వింది.

తెలుగులో అన్నది పూర్తిగా అర్థం కాకపోయినా, ఎగతాళి అని లుల్వాకు తెలుసు. మూతి ముడిచి వివరించింది. ఫ్రాన్సు దేశంలో మూడు వారాల పెద్ద పోటీ ఒకటి జరుగుతుందట. అందులో కొండలెక్కడంలో అందరికన్నా ముందున్నవాడు సరిగ్గా ఇలాంటి చొక్కాయే వేసుకుంటాడట. వీళ్ల ఆడపిల్లల క్లబ్బు అది చూసి మోజుపడి, తమ రెండు రోజుల పోటీకి ఇలాంటిది ఒకటి చేయించింది. ఒకే ఒక్కటి. ఈరోజు ముత్లా మీదికి మొదట చేరింది లుల్వా. రేపు శనివారం ముత్లాను మూడుసార్లు ఎక్కాలి, చివరిసారికి పాయింట్లు రెట్టింపు. అన్నీ అయ్యాక ఎవరి పాయింట్లు ఎక్కువైతే వాళ్లే కొండరాణి. అప్పటిదాకా చొక్కా తనది.

"రేపు ఇది వేసుకునే రావాలి. లేకపోతే వరుసలో నిలబడనివ్వరు. చేత్తో ఉతుకు ఫెంకా, మిషన్‌లో వద్దు," అని చెప్పి, నాలుగు ఖర్జూరాలు నోట్లో వేసుకుని పడుకోవడానికి పోయింది.

వెంకటేశ్వరి చొక్కా ఉతికింది, మేడ మీద ఆరేసింది. కానీ ఆమెకు కాలు నిలవలేదు. కారణం ఉంది. జనవరిలో లుల్వాకు పార్సిల్‌లో నీలం రంగు సైకిలు చొక్కా ఒకటి వచ్చింది. ఆ రోజు వెంకటేశ్వరి దగ్గర పసుపు నిండుకుంది. రేపు పెడదాంలే అనుకుంది. పిల్ల ఆగితేనా? కవరు చింపి అట్లాగే తొడుక్కుని పోయింది. గంట తిరక్కముందే కంఠం దగ్గరి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉంది. రోడ్డు మీద ఇసుక వల్ల జారిందన్నారు డాక్టర్లు. వాళ్లకేం తెలుసు? పసుపు పెట్టని కొత్తబట్ట వల్ల జారిందని వెంకటేశ్వరికి తెలుసు. ఆరువారాలు ఆ పిల్ల చెయ్యి మెడకు వేలాడుతుంటే, తన బద్ధకమే అలా వేలాడుతున్నట్టు చూసి కుమిలిపోయింది.

కొత్తబట్టకు పసుపు పెట్టడం వెంకటేశ్వరికి ఊపిరి తీసుకున్నంత అలవాటు. లుల్వా బడి యూనిఫారాలకు, పండగ గౌన్లకు, చివరికి మేజోళ్లకు కూడా పెట్టింది. ఆవగింజంత చుక్క, లోపలి మడతలో, ఎవరి కంటా పడకుండా. ఎందుకంత చాటు అంటే, ఈ దేశంలో సిహర్ అనే మాట ఒకటుంది. చేతబడి అని అర్థం. ఆ మాట పుట్టిందంటే ఇక ఖలాస్. వెనకవీధి ఇంట్లో నందలూరు పిల్ల ఒకతె, యజమానురాలి బిడ్డకు దిష్టి తగిలిందని నిమ్మకాయకు ఎర్రదారం చుట్టి పరుపు కింద పెట్టింది. పాపం, మంచికే పెట్టింది. తెల్లారి అది బయటపడింది, ఆ సాయంత్రానికి పిల్ల విమానాశ్రయంలో ఉంది. ఆ సంగతి విన్నరోజు మామా తన పనివాళ్లందర్నీ వరసగా నిలబెట్టి, "నా ఇంట్లో ఇలాంటిది కనబడితే ఎన్నేళ్లనుంచి ఉన్నారని చూడను," అని చెప్పింది. చెబుతూ వెంకటేశ్వరినే చూసింది. ఆమె చూపు మామూలుగానే అంత అని డ్రైవరు ఇమ్తియాజ్ సర్దిచెప్పాడు గానీ, ఆ చూపు వెంకటేశ్వరికి ఇప్పటికీ వీపు మీద ఉంది.

మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోయాక, బియ్యం డబ్బా వెనక దాచిన కాఫీ సీసా తీసింది. అందులో ఊరినుంచి తెప్పించుకున్న కొమ్ముల పసుపు ఉంది. అరచేతిలో నాలుగు చుక్కల నీళ్లు వేసి చాదింది. ఈసారి పోయేది మామూలు రోడ్డు కాదు, మిట్ట. ఎక్కడం సరే, దిగేటప్పుడు పిల్ల గాలిలా దిగుతుంది. అందుకని ఆవగింజంత చాల్లే అనిపించక, శనగగింజంత పెట్టింది. కింది అంచు లోపల, పొట్ట దగ్గర. "పడకూడదు తల్లీ, పిల్ల పడకూడదు," అని మూడుసార్లు అనుకుని, చొక్కా మడిచి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది.

అక్కడే కొంప మునిగింది. నూలుబట్ట అయితే లోపల పెట్టింది లోపలే ఉండేది. ఇది సైకిళ్లవాళ్ల బట్ట, చెమట బయటికి లాగేయడానికే పుట్టిన పలచని వల. పైగా ఇంకా చెమ్మగా ఉంది. అరగంట తర్వాత విప్పి చూస్తే పసుపు బయటికి లాగేసి ఉంది. సరిగ్గా రెండు ఎర్రచుక్కల నడుమ, తెల్లటి చోట, రూపాయి బిళ్లంత పసుపు మరక.

ఎండలో రెండు రోజులు వేస్తే పసుపు వెలిసిపోతుంది. కానీ ఎండ ఇంకో రెండు మూడు గంటలే ఉంది, పోటీ తెల్లారే. చొక్కా ఎత్తుకుని బాత్రూములోకి దూరి సబ్బు రుద్దింది. మరక పోలేదు సరికదా, రక్తంలా ఎర్రబడింది. పసుపు చూస్తే సిహర్ అనుకుంటారు, నెత్తురు చూస్తే ఏమనుకోవాలి? గబగబా నీళ్లు పోసింది. మళ్లీ పసుపయింది. సబ్బు రుద్దితే ఎరుపు, కడిగితే పసుపు. నాలుగుసార్లు అయ్యాక బాత్రూములోనే కూలబడి, "నా చేతులిరిగిపోనూ," అని ఏడ్చింది.

"ఫెంకా! చాయ్!" అని కిందినుంచి మామా కేక.

చాయ్ ఇస్తున్నప్పుడు మామా ఆమె వేళ్లు చూసింది. "షినూ హాదా?" అంది, ఏమిటది అని.

"పసుపు మామా. చేపలకి."

"చేపలు ఇప్పుడే ఎందుకు?"

"నానాలి మామా," అంది వెంకటేశ్వరి. అన్నందుకు వంటింట్లోకి పోయి, ఫ్రిజ్‌లో చల్లగా పడుకున్న చేపలను బయటికి తీసి, అక్కర్లేకపోయినా వాటికి గుప్పెడు పసుపు పట్టించింది. అబద్ధమాడితే అంతే, దాని వెనక ఇంకో పని తయారవుతుంది. చేపలకు పసుపు రాస్తూ రాస్తూ, చేతికి అంటిన సబ్బు తడికి వేలి చివర ఎర్రబడటం చూసి, ఆమె చెయ్యి ఆగిపోయింది.

పారాణి! పసుపులో సున్నం కలిపితే పారాణి కాదా? పెళ్లికూతుళ్ల కాళ్లకు పెట్టేది అదే కదా? పోగొట్టలేని పసుపును ఎరుపు చేస్తే సరి. ఎర్రచుక్కల చొక్కాలో ఇంకో ఎర్రచుక్క, ఎవడు లెక్కపెట్టొచ్చాడు?

చెంగు నడుముకు దోపి, గేటు పక్కన డ్రైవరు గదికి పరుగెత్తింది. ఇమ్తియాజ్‌ది రాయచోటి. ఈ ఇంట్లో కారు నడపబట్టి తొమ్మిదేళ్లు. ఎవరికీ తెలీదనుకుంటూ చాటుగా ఆకూవక్కా నములుతాడు. ఎర్రటి పళ్లేసుకుని తిరిగేవాడి రహస్యం ఎంతమాత్రం దాగుతుంది!

"ఒరే తమ్ముడూ, సున్నం ఉండాదా?"

"నాకాడ సున్నమెందుకు ఉంటాదక్కా?" అన్నాడు ఇమ్తియాజ్ బుగ్గలో వక్క సర్దుకుంటూ.

వెంకటేశ్వరి సంగతంతా చెప్పింది. విన్నకొద్దీ అతని దవడ ఆడటం ఆగిపోయింది. "దజీజ్‌లో చొక్కాలు అచ్చేసే కాడ మన ముబీన్ ఉండాడు. ఇట్లాంటిదే ఇంగోటి గుద్దిస్తామా?" అని తనే అని, తనే నాలిక్కరుచుకున్నాడు. "ఛత్, ఈపొద్దు శుక్రవారం గదా. తాళం ఏసుంటాది."

"అందుకే గదరా నీ కాళ్లు పట్టుకుంటాండా. సున్నమియ్యి."

"మామాకి తెలిస్తే? పసుపు నీది, సున్నం నాది. ఇద్దర్నీ ఒకే ఇమానంలో ఎక్కిస్తాది."

"ఎక్కిస్తే ఎక్కిచ్చనీ. కిటికీ పక్కన నువ్వే కూచో!"

ఇమ్తియాజ్ నిట్టూర్చి, దిండు కిందినుంచి చిన్న డబ్బా తీసిచ్చాడు. వెంకటేశ్వరి గదిలో తలుపేసుకుని పసుపూ సున్నం రంగరించింది. చాయ్ గ్లాసు బోర్లించి, అంచు చుట్టూ పుల్లతో గీత గీసి, లోపల నింపింది. ఆరాక చూస్తే, ఇరుగుపొరుగు చుక్కలకన్నా కాస్త ముదురు, అంతే. ముందువైపు నలభై ఒక్క చుక్కలు ఉండేవి, నలభై రెండయ్యాయి.

సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక లుల్వా వచ్చి చొక్కా తీసుకుంది. వెంకటేశ్వరి పక్కనుంచి చూస్తోంది. పిల్ల ఆ చుక్క వైపు చూడనే లేదు. కానీ చొక్కా కింది అంచు తిరగేసి, లోపల ఏదో వెతికినట్టు ఒకసారి చూసి, మళ్లీ సరిచేసి సంచిలో పెట్టుకుంది. ఎందుకలా చూసింది? ఏం కనబడింది? ఆ రాత్రి చేపల కూర పచ్చిపసుపు వాసన కొడుతోందని మామా సగం వదిలేసింది.

శనివారం తెల్లవారుజామున లుల్వా క్లబ్బు బండిలో పోయింది. మామా కూడా బయలుదేరింది. జనవరిలో పడ్డప్పటినుంచీ మనవరాలు సైకిలెక్కితే ఆమెకూ కుదురు లేదు, పైకి అనదు గానీ. ఇమ్తియాజ్ కారు తీశాడు, వెంకటేశ్వరి చాయ్ ఫ్లాస్కుతో ముందుసీట్లో కూర్చుంది. ముత్లా మీద గాలి ఈడ్చి కొడుతోంది. మామాకు మడతకుర్చీ వేశారు. ఆమె చెవికి ఆనని దూరంలోకి రాగానే ఇమ్తియాజ్ గొణిగాడు.

"అక్కా, చెమటకి పారాణి నిలుస్తాదా?"

వెంకటేశ్వరి ఫ్లాస్కు కింద పెట్టేసింది. దిష్టి తీసిన ఎర్రనీళ్ల పళ్లెం చింతపండుతో తోమితే ఏమవుతుంది? ఎరుపు పోయి పసుపు తేలుతుంది. పులుపు తగిలితే పారాణి నిలవదు. చెమట మాత్రం పులుపు కాదా? ఇన్ని పళ్లేలు తోమిన చేతులకు నిన్న ఈ బుద్ధి లేకపోయింది.

"నీ నోట్లో మన్ను పడ, నిన్ననే చెప్పేదానికేంరా?" అంది.

మొదటిసారి గుంపు మిట్ట ఎక్కి వచ్చినప్పుడు అందరికన్నా ముందు లుల్వా. జనం చప్పట్లు కొట్టారు. వెంకటేశ్వరి మాత్రం పొట్ట దగ్గర చుక్క చూసింది. ఎర్రగానే ఉంది. తర్వాత చక్రాలు చూసింది. పిల్ల అవతలివైపు దిగుతూ మలుపు తిరిగేదాకా చూపు తిప్పలేదు. గంట తర్వాత రెండోసారి. ఈసారి ఇరవై మూడో నంబరు పిల్ల ముందు వచ్చింది, లుల్వా రెండోది. చుక్క నారింజ రంగులోకి దిగింది. వెంకటేశ్వరి కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగింది. మామా, "కూర్చో ఫెంకా, నా కళ్లు తిరుగుతున్నాయి," అని కసిరింది.

మూడోసారి వాళ్లిద్దరే ముందున్నారు. లుల్వా సీటు మీదనుంచి లేచి నిలబడి తొక్కుతోంది. మొహం కందిపోయింది, నోరు తెరుచుకుని ఉంది. వెంకటేశ్వరికి చుక్కలూ సిహరూ అన్నీ మరుపున పడ్డాయి. "తొక్కవే తల్లీ! పద పద పద!" అని తెలుగులో అరిచింది. ఇరవై మూడో నంబరు ఒక చక్రమంత ముందు గీత దాటింది. ఆ ఒక్క చక్రంతో కొండరాణి మారిపోయింది. లుల్వా సైకిలు దిగి, దాని మీదికి వంగి రొప్పింది. తర్వాత తోసుకుంటూ నానమ్మ దగ్గరికి వచ్చింది. నలభై ఒక్క ఎర్రచుక్కల నడుమ నలభై రెండోది పచ్చగా, బంతిపువ్వులా మెరుస్తోంది.

మామా కుర్చీలోంచి లేచింది. మనవరాలి చెంప తుడవబోయిన చెయ్యి సగంలో ఆగింది. వేలు చుక్క మీద పెట్టింది. "షినూ హాదా?"

ఇమ్తియాజ్‌కు ఉన్నట్టుండి కారు టైరులో గాలి తగ్గినట్టు అనిపించి, అటు పోయి వంగున్నాడు.

"ఏదో మరక, యుమ్మా," అని లుల్వా నానమ్మతో మొదలుపెట్టింది. వెంకటేశ్వరి ఆగలేకపోయింది.

"నేనే పెట్టినా మామా," అంది అరబ్బీలో. "పసుపు. మా దేశంలో కొత్తబట్టకు పెడతాం. నేనే."

"సిహర్?" అంది మామా. ఆ మాట అనగానే పక్కన నిలబడ్డవాళ్లు ఇద్దరు ఇటు తిరిగారు. "నువ్వు దీనిమీద ఏదో పెట్టావు, పిల్ల ఓడిపోయింది!"

లుల్వా చేతి తొడుగు ఊడదీసి మణికట్టు దగ్గర మడత తిరగేసింది. ఆవగింజంత పసుపు. మేజోడు కిందికి లాగింది. లోపల పసుపు. లోబనియను అంచు తిప్పింది. అక్కడా ఉంది.

"అన్నిటికీ ఉంటుంది, యుమ్మా. బడి బట్టలకీ ఉండేది. చిన్నప్పటినుంచీ తొడుక్కునేముందు చూసుకుంటాను, ఇది కనబడితేనే అది నాది," అంది లుల్వా. గొంతు ఇంకా రొప్పుతోంది. "నీలం చొక్కాకి మాత్రం లేదు. ఆ రోజూ వెతికాను. లేదు."

వెంకటేశ్వరి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జనవరినుంచీ తనొక్కతే మోస్తున్నాననుకున్నది ఈ పిల్లకూ తెలుసు. తెలిసీ ఒక్కనాడు మాట అనలేదు. ఆమెకు ఏడుపు ఆగలేదు.

మామా వంగి ఆ మేజోడు మడత చూసింది. తర్వాత వెంకటేశ్వరి వైపు తిరిగింది. "ఇది పెట్టేటప్పుడు ఏమని అడిగావు?"

"పిల్ల పడకూడదని, మామా."

"అంతేనా?"

"అంతే మామా. వల్లా, దేవుడి మీద ఒట్టు, అంతే."

ఈలోపు క్లబ్బు ఆవిడ వచ్చి చొక్కా ఇమ్మంది. లుల్వా తలమీదుగా తీసి ఇచ్చేసింది. ఇరవై మూడో నంబరు పిల్ల దాన్ని తన చొక్కా మీదే తొడుక్కుని, పొట్ట మీద పచ్చచుక్క వేసుకుని ఫోటోకు నవ్వుతూ నిలబడింది. మామా ఆ చుక్కను చూసింది, మనవరాలి ఒంటిమీద మిగిలిన లోబనియనును చూసింది, వెంకటేశ్వరిని చూసింది. ఆమె మొహం జేవురించింది.

"పదహారేళ్లు నా ఇంటి తిండి తిన్నావు," అంది పళ్లు కొరుకుతూ. "అడిగేదానివి గెలుపు కూడా అడగొద్దా? యల్లా, కారెక్కు. వచ్చే ఏడు రెండూ అడుగు."